హైపోథెసిస్: నెల్లూరు నుంచి చూస్తే

ఇంకా రుజువు కాకపోయినా పరీక్షకు నిలబెట్టదగిన వివరణను ఇంగ్లీషులో హైపోథెసిస్ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇది పరికల్పన, కొన్నిచోట్ల ప్రాక్కల్పన. గ్రీకులో ‘హైపో’ అంటే కింద, ‘థెసిస్’ అంటే ఉంచడం. వాదం కట్టడానికి అడుగున వేసుకునే పునాది అన్నమాట. ప్లేటో తన ‘మెనో’ సంభాషణలో ఈ మాటను అలాగే వాడాడు. ఇంగ్లీషులోకి అది 16వ శతాబ్దం చివర్లో చేరింది. విశేషణమైన ‘హైపోథెటికల్’ కొంచెం పక్కదారి పట్టింది. జరగనిదాన్ని జరిగిందనుకుని అడిగే ప్రశ్నకు ఆ పేరు. ‘అది హైపోథెటికల్ ప్రశ్న’ అనేసి విలేకరిని తప్పించుకోవాలనుకునే నాయకుడికి ఆ మాట భలే అక్కరకొస్తుంది.

నెల్లూరు తీరంలో రొయ్యల చెరువు గట్టు మీద ఈ మాట వినపడదు గానీ, పని మాత్రం రోజూ జరుగుతుంది. తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలి గట్టు వారకు చేరితే, ఇందుకూరుపేట రైతు మొదట అనుమానించేది నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందనే. రాత్రంతా నాచు కూడా దాన్నే వాడుకుంటుంది కనుక ఆ వేళకు అది బాగా పడిపోతుంది. ఏరేటర్లు తిప్పుతాడు, నీటిని పరీక్షిస్తాడు. ఆక్సిజన్ సరిపడా ఉందని తేలితే ఆ అనుమానం వీగిపోయినట్టే. ఇక జబ్బేమోనని పెంకు మీద తెల్లమచ్చలు వెతుకుతాడు. ‘దిష్టి తగిలింది’ అన్నదీ ఒక వివరణే, కానీ అది తప్పని తేల్చే దారి లేదు. శాస్త్రానికీ శాస్త్రం కానిదానికీ నడుమ కార్ల్ పాపర్ 1934లో గీసిన గీత ఇదే.

భారతీయ దార్శనికులైన మీమాంసకుల అర్థాపత్తి హైపోథెసిస్‌కు దగ్గరి చుట్టం. దేవదత్తుడు పగలు తినడు, అయినా లావుగానే ఉన్నాడు, కాబట్టి రాత్రి తింటుండాలి. మీమాంసకుడికి ఇది ప్రమాణం, అంటే సరైన జ్ఞానాన్నిచ్చే మార్గం. శాస్త్రవేత్త మాత్రం వంటింటి దగ్గర కాపు కాయాలంటాడు.

నెల్లూరు జిల్లా పేరు వైద్య చరిత్రకెక్కింది అలాంటి కాపలా వల్లే. 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఇక్కడ వెన్ను, కీళ్లు బిగుసుకుపోయిన రోగులను పరిశీలించి, కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని ప్రకటించారు. అది గాలిలోంచి ఊడిపడిన ఊహ కాదు. పళ్ల మీది గారకు నీటిలోని ఫ్లోరిన్‌తో సంబంధం ఉందని 1931లో అమెరికాలో తేలింది. ఫ్లోరిన్ ఉండే క్రయొలైట్ ఖనిజంతో పనిచేసే కార్మికుల ఎముకల్లో మార్పులను 1932లో డెన్మార్క్‌లో గుర్తించారు. మరి ఒకే నీళ్లు తాగేవాళ్లందరికీ ఒకే తీవ్రత ఎందుకుండదు? 1940లో సి.జి. పండిట్ బృందం ఆహారలోపాన్ని, అందులోనూ సి విటమిన్ కొరతను ముందుకు తెచ్చింది. ఒక పరికల్పన నిలబడగానే దాని పక్కన మరొకటి మొలవడం మామూలే.

గణాంకశాస్త్రంలో ఈ మాట మరింత బిగుసుకుంది. రోనాల్డ్ ఫిషర్ 1935లో ‘నల్ హైపోథెసిస్’ అన్న పేరు పెట్టాడు. మందు పనిచేయదనే ముందు అనుకుని, లెక్కలు ఆ మాటను కొట్టేస్తాయేమో చూస్తారు. కొట్టేయలేకపోతే అది రుజువైనట్టు కాదు. విద్యార్థులు తరచూ పొరబడేది ఇక్కడే.

ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన సి.ఆర్. రావు చిన్నప్పుడు కొంతకాలం అప్పటి నెల్లూరు జిల్లాలోని గూడూరులో చదువుకున్నారు. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోర్ పరీక్షకు, నల్ హైపోథెసిస్ నిజమనుకుని చేసే లెక్క ఒక్కటే చాలు, ప్రత్యామ్నాయ నమూనాను వేరే లెక్కించనక్కర్లేదు. ఆర్థికశాస్త్రవేత్తలు దాన్నే లగ్రాంజ్ మల్టిప్లయర్ పరీక్ష అంటారు. పేరు వేరు కావడంతో, అది గూడూరు బడిలో చదివిన రావుగారిదేనని చాలామందికి తట్టదు.