కొయ్యకాళ్లలో కాపురం

వరి చేను పాలు పోసుకునే వేళ గట్టు మీద నిలబడితే పచ్చని కంకుల మధ్య అక్కడక్కడా తెల్లగా, నిటారుగా నిలిచినవి కనిపిస్తాయి. వాటిలో గింజ ఉండదు. అలాంటి కంకిని పట్టి లాగితే చేతిలోకి ఊడి వచ్చేస్తుంది. లోపల కాండాన్ని కొరికేసిన పురుగునే మన రైతులు మొగి పురుగు అంటారు. అది స్కిర్పోఫాగా ప్రజాతికి చెందిన చిన్న రెక్కల పురుగు పిల్ల. ఆడ పురుగు పసుపు రంగులో ఉంటుంది, ముందు రెక్క ఒక్కోదాని మీద ఒక్కో నల్ల చుక్క. గుడ్లను ఆకు కొన దగ్గర ముద్దగా పెట్టి, తన తోక నూగుతో కప్పి పోతుంది.

ఈ జాతిని 1863లో ఫ్రాన్సిస్ వాకర్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత పుస్తకాల్లో పేర్లు చాలాసార్లు మారాయి. పురుగు మాత్రం మారలేదు. వరి తప్ప దానికి వేరే తిండి దాదాపు అక్కర్లేదు, అందుకే దాని చరిత్రంతా వరి చరిత్రే.

దానికి అనువైన చోటు నీరే ఏర్పరచింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. ఆ నీటితో, సార్వా అనే వానాకాలపు వరి కోసిన చేలో మళ్లీ దాళ్వా అనే రెండో వరి నాటే అలవాటు డెల్టాలో విస్తరించింది. కోత అయ్యాక పురుగు కాండం అడుగుకు దిగి, కొయ్యకాళ్లలో దాక్కుంటుంది. ఒకప్పుడు తిరిగి వాన పడేదాకా దానికి తిండి ఉండేది కాదు. దాళ్వా ఉన్నచోట అది బయటికొచ్చేసరికి పక్కనే లేత నారుమడి సిద్ధంగా ఉంటుంది!

1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 అనే పొట్టి వరి రకం సాగు చేసి పేరు తెచ్చుకున్నారు. ఆ పొట్టి రకాలు నత్రజనిని బాగా తీసుకుని ఏపుగా పెరిగాయి. నత్రజని ఎక్కువైన చేను మొగి పురుగుకూ ఇష్టమే. తట్టుకునే రకం కోసం టీకేఎం-6 అనే వరిని ఐఆర్-8తో కలిపి రత్న అనే రకం తీశారు, కొంత ఫలితం కనిపించింది. పూర్తిగా తట్టుకునే వరి రకం మాత్రం ఇప్పటికీ చేతికి రాలేదు. ఆ లోటు పూడ్చడానికి గుళికల మందులు వచ్చాయి. వాటిలో ఒకటైన ఫోరేట్‌ను 2020 చివరికల్లా దేశంలో నిషేధించారు.

గుళికల కన్నా పాతది కొయ్యకాళ్ల మార్గం. జపాన్‌లోని క్యూషూ దీవిలో 19వ శతాబ్దం చివర మసుదా సోహెయ్ అనే ఆయన ఇదే పురుగు చలికాలమంతా కొయ్యకాళ్లలో ఉంటుందని చూపించి, వాటిని తవ్వి పారేయమన్నాడు. దాన్ని నిర్బంధం చేస్తే రైతులు తిరగబడ్డారు. కోపం న్యాయమే: కోత అయ్యాక వంగి మొదళ్లు పెకలించడానికి కూలి ఎవరిస్తారు?

మన దగ్గరా అదే చిక్కు. కృష్ణా డెల్టాలో వరి కోయకముందే మినుములు చల్లేస్తారు, అక్కడ దున్నడమనే మాటే లేదు. అలాంటి చోట కొయ్యకాళ్లు దున్నమనే సలహా పుస్తకంలోనే మిగులుతుంది. వరి మీద వరి వేసే గోదావరి వైపు మాత్రం అది పనికొస్తుంది, అందరూ కలిసి ఒకే సమయంలో చేస్తేనే. ఒక్కడు దున్ని పక్కవాడు వదిలేస్తే రెక్కల పురుగు గట్టు దాటి వస్తుంది.

చవకైన పని ఒకటుంది. నాటే ముందు నారు కట్టల కొనలు తుంచేస్తే గుడ్ల ముద్దలు చాలా వరకు వాటితోనే పోతాయి. నాటాక లింగాకర్షక బుట్టలు పెట్టి ఎన్ని మగ పురుగులు పడుతున్నాయో లెక్క చూస్తారు, పురుగు గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగల కార్డులు కడతారు. పిలకల దశలో మొవ్వు చచ్చినా దుబ్బు కొత్త పిలకలు వేసి కొంత సర్దుకుంటుంది. తెల్ల కంకి వచ్చాక ఆ అవకాశం లేదు, అప్పుడు కొట్టే మందుకు పెట్టిన డబ్బు తిరిగి రాదు.