పాత కారుకు కొత్త టైర్లు: అరుగుదలే కాదు, వయసూ చూడాలి

మనవాళ్ల ఇళ్లలో పదిహేనేళ్ల నాటి కార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. రోజూ ఊళ్లో నాలుగు కిలోమీటర్లు తిరిగే ఆ కారే వేసవిలో పెళ్లికో, జాతరకో హోసూరు నుంచి చిత్తూరుకు, బరంపురం నుంచి శ్రీకాకుళానికి నిండా మనుషులతో బయల్దేరుతుంది. అలాంటి కార్ల టైర్లు మార్చేటప్పుడు చూసుకోవాల్సిన విషయాలను ఇక్కడ ఇస్తున్నాం.

ఎప్పుడు మార్చాలి?

టైరు గాడుల్లో అడుగున చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్ అరిగి వాటితో సమానమైతే టైరు మార్చాల్సిందే. అయితే తక్కువగా తిరిగే కారులో గాడులు లోతుగానే ఉన్నా, రబ్బరు లోపల గట్టిపడి పోతుంది. అంచుల్లో సన్నని పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే దూర ప్రయాణానికి ఆ టైరును నమ్మవద్దు. వేసవి ఎండ, బరువు, తక్కువ గాలి మూడూ కలిస్తే అది హైవే మీద పేలవచ్చు.

వయసు ఎలా తెలుస్తుంది?

టైరు పక్క భాగంలో డీఓటీ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఐదేళ్లు దాటిన టైరును ఏటా మెకానిక్‌కు చూపించాలని, పదేళ్లు దాటితే బాగున్నట్టు కనిపించినా తీసేయాలని పలు కంపెనీలు సూచిస్తాయి. స్టెప్నీకీ ఇదే లెక్క. కొత్త టైరు కొనేటప్పుడూ ఈ అంకెలు చూడండి. దుకాణంలో మాట్లాడేది కన్నడమైనా, తమిళమైనా, ఒడియా అయినా, టైరు మీది అంకెలు ఎక్కడైనా ఒక్కటే.

సైజు మారిస్తే ఏమవుతుంది?

మారుతి 800కు 145/70 ఆర్12 టైరు వస్తుంది. 145 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 70 అంటే పక్క భాగం ఎత్తు వెడల్పులో 70 శాతం. 12 అంటే అంగుళాల్లో రిమ్ సైజు. ఆ సైజు దొరకలేదని 145/80 ఆర్12 వేయించుకుంటే టైరు మొత్తం ఎత్తు సుమారు 508 నుంచి 537 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. అప్పుడు మీటరు 60 చూపిస్తుంటే కారు 63కు పైగా వెళ్తుంటుంది. బండి నిండా మనుషులుంటే టైరు మడ్‌గార్డుకు రాసుకునే ప్రమాదమూ ఉంది. కాబట్టి కారు పుస్తకంలో రాసిన సైజే అడగండి.

సైజు తర్వాత ఉండే అంకె బరువు మోసే శక్తిని చెబుతుంది. 69 అంటే ఒక్కో టైరు 325 కిలోలు, 75 అంటే 387 కిలోలు. పుస్తకంలో ఉన్నదానికంటే తక్కువ అంకె తీసుకోవద్దు. ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో కూడా చూడండి.

బిగించేటప్పుడు

ట్యూబ్‌లెస్ వేయించాలంటే రిమ్ దానికి తగినదై ఉండాలి. అంచు తుప్పు పట్టినా, వంగినా గాలి నిలవదు. వాల్వు కూడా కొత్తదే వేయించండి. రెండే టైర్లు కొనగలిగితే కొత్తవి వెనక వేయించడం మేలు. వానలో వెనక చక్రాలు జారితే కారును అదుపు చేయడం కష్టం. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ తప్పక చేయించండి. గాలి ఎంత పట్టాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద గానీ, కారు పుస్తకంలో గానీ ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిపించండి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత తనిఖీ చేయించుకుని ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ గడువు దగ్గర పడితే కారు ఉంచుకోవాలో, అమ్మాలో ముందే ఇంట్లో తేల్చుకోండి. ఉంచుకునేటట్టయితే మాత్రం టైర్ల ఖర్చు వాయిదా వేయవద్దు.