ఇంగ్లీషు చదువు: కన్ను, చెవి

ఇంగ్లీషు చదువు చరిత్ర అనగానే 1835లో మెకాలే సమర్పించిన లేఖ మనకు జ్ఞప్తికి వచ్చును. పిల్లలకు ఇంగ్లీషు నేర్పవలెనా, వలదా అను తగవు నాటినుండి సాగుచునే యున్నది. ఎట్లు నేర్పవలెనను ప్రశ్న అంతకంటె చిన్నది కాదు. తెలుగునాట ఆ ప్రశ్న ఒక విచిత్రమైన మలుపు తిరిగినది. నేడు మనము దానిని పరిశీలింతము.

మెకాలేకు పూర్వమే తెలుగువారు కొందరు ఇంగ్లీషు నేర్చి కొలువులు సంపాదించిరి. ఒంగోలు ప్రాంతీయుడగు వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) మదరాసు సదరు అదాలతు కోర్టులో అనువాదకుడుగా నుండెను. ఆయన తన జీవితకథను ఇంగ్లీషుననే వ్రాసెను. అది 1873లో అచ్చయినది. ఈయన 1820లో మదరాసు స్కూలు బుక్ సొసైటీకి నాటి బడుల స్థితిని గూర్చి ఒక నివేదిక సమర్పించెను. పిల్లలు పద్యములను వల్లించుచున్నారే కాని వాని అర్థము నెరుగరని ఆయన బాధ. ఆయన చెప్పినది దేశీయ బడులను గూర్చి. ఆ రోగమే తరువాత ఇంగ్లీషు చదువునకును అంటుకొనినది.

1843లో మచిలీపట్టణమున రాబర్టు నోబిల్ ఇంగ్లీషు పాఠశాల నెలకొల్పెను. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము ఏర్పడెను. ఇక మెట్రిక్యులేషను గడప దాటినవానికే ఉద్యోగము, గౌరవము. పరీక్ష కాగితముపై జరుగును. నోటి పలుకుతో దానికి పనిలేదు. కావున వ్యాకరణ సూత్రములు, మాటల పట్టికలు, అనువాదములు ఇవియే చదువైనవి. వాక్యమును పదపదముగా విడదీసి చూపగల బాలుడు, ఇంగ్లీషున పలుకరించినచో బదులు చెప్పలేక తెల్లబోవుచుండెను. కన్ను నేర్చినది, చెవి నేర్వలేదు.

ఐరోపాలోను ఇదే అసంతృప్తి కలిగినది. 1882లో జర్మను పండితుడు వీటర్ భాషాబోధన వెనుదిరిగి కొత్త త్రోవ పట్టవలెనని ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. వస్తువును చూపి పేరు పలుకుట, ముందు వినిపించి పిదప చదివించుట అను ప్రత్యక్ష పద్ధతి ఆ కాలముననే బలపడెను.

ఆ పద్ధతిలో ఆరితేరిన జె. ఏ. యేట్సు 1906 ప్రాంతమున ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చెను. జనుల నోట వినబడు తెలుగు వేరు, పుస్తకములలోని తెలుగు వేరు కావలసిన కారణమేమని ఆయన అడిగెను. ఆ ప్రశ్న గురజాడ అప్పారావును, విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షుడగు పి. టి. శ్రీనివాస అయ్యంగారును, పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తిని (1863–1940) కదిలించెను. లిపిలేని సవర భాషను సవరల నోటినుండి విని నేర్చిన గిడుగువారికి చెవి విలువ ముందే తెలియును. ఇట్లు పరభాషాబోధనకై పుట్టిన పద్ధతి మన వ్యావహారిక భాషోద్యమమునకు ప్రేరణ యయ్యెను. ఆ వాదోపవాదములు వేరొక ప్రసంగమునకు తగినవి.

స్వాతంత్ర్యానంతరము 1958లో హైదరాబాదున కేంద్ర ఇంగ్లీషు సంస్థ వెలసినది. అదియే 2007లో కేంద్ర విశ్వవిద్యాలయ మయ్యెను. వాక్యనిర్మాణములను తేలికనుండి కఠినమునకు వరుసపెట్టి, నోట పలికించి నేర్పు పద్ధతి ఆ కాలమున బడులలో వ్యాపించెను. కాని అర్థముతో పనిలేకయే వాక్యములను వల్లించు అలవాటు మరల తల యెత్తినది. 1979–84 మధ్య బెంగుళూరు కేంద్రముగా ఎన్. ఎస్. ప్రభు చేసిన ప్రయోగమున పిల్లలకు రైళ్ల వేళల పట్టికలు, పటములు ఇచ్చి ఇంగ్లీషున చిక్కులు విప్పించిరి. మనస్సు అర్థమున నిలిచినచో భాష దానంతట అలవడునని వారి విశ్వాసము. సుబ్బారావు బాధకు సుమారు నూటయరువది ఏండ్ల పిదప లభించిన సమాధాన మిది యన వచ్చును.

రేడియో ముందు కూర్చుండు కుటుంబములకు చెవి శక్తిని గూర్చి మేము వేరుగ చెప్పనక్కరలేదు. ఇంట ఇంగ్లీషు వినబడు బిడ్డ బడికి పోకమునుపే సగము నేర్చును. వినబడని బిడ్డకు ఉపాధ్యాయుని నోరొక్కటే ఆధారము. ఆ బిడ్డకు బడిలోను మాట వినిపింపక పుస్తకము మాత్రమే చేతి కిచ్చుట రెండవమారు అన్యాయము చేయుటయే.