విద్యార్థులు కట్టిన ఉపగ్రహము

1961వ సంవత్సరము జూన్ 29వ తేదీన కేప్ కెనావరల్ నుండి లేచిన రాకెట్టు మూడు ఉపగ్రహములను ఒక్కమారుగా మోసికొని పోయెను. వానిలో మొదటిది నావలకు దారి చూపుటకై నిర్మింపబడిన ట్రాన్సిట్. రెండవది సూర్యుని ఎక్స్-కిరణములను కొలుచునది. తూనికకు ఇరువది కిలోలకు మించని మూడవది ఇంజున్-1. దీనిని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమువారు తామే రూపించి తామే కూర్చిరి. సంపూర్ణముగా ఒక విశ్వవిద్యాలయము నిర్మించిన ఉపగ్రహములలో ఇదియే ప్రథమము. మొక్కజొన్న పండించు మైదానముల నడుమ నున్న ఆ విద్యాపీఠమునకు ఇట్టి సామర్థ్యము ఎట్లలవడెనని విచారించితిమేని, అది ధనబలముచేత గాక, విద్యార్థులను సహాధ్యాయులవలె వెంటనిడుకొని కొద్దిపాటి సామగ్రితో గొప్ప ప్రశ్నలకు పూనుకొను అభ్యాసముచేత వచ్చినదని నాకు దృఢముగా తోచుచున్నది.

ఆ అభ్యాసమునకు మూలపురుషుడు జేమ్స్ వాన్ అలెన్. అయోవాలోనే పుట్టి, అక్కడనే పట్టము పుచ్చుకొని, 1951లో భౌతికశాస్త్ర శాఖాధిపతియై తిరిగివచ్చిన ఈ ఆచార్యునికి విశ్వకిరణములను వాతావరణమునకు పైన కొలువవలెనని కోరిక. పెద్ద రాకెట్టులు కొనుటకు సొమ్ము లేదు. అందుచేత చిన్న రాకెట్టును బెలూనునకు వ్రేలగట్టి, గాలి పలుచబడిన ఎత్తునకు చేరినపిమ్మట అంటించు ఉపాయము నవలంబించెను. 1952 వేసవిలో గ్రీన్లాండు సమీపమున ఓడమీదనుండి వదలిన మొదటి రెండు బెలూనులును పైకి పోయెను గాని రాకెట్టులు అంటుకొనలేదు. పైనున్న చలికి లోపలి యంత్రము బిగిసినదేమో యని యూహించి, ఆయన నారింజరసపు డబ్బాలను కాచి, మూడవదానిలో యంత్రముప్రక్కన పొదిగి, చుట్టును వెచ్చదనము నిలుచునట్లు కప్పించెను. ఆ రాకెట్టు మండి పైకెగసెను.

1958 జనవరి 31న ఎగసిన ఉపగ్రహము ఎక్స్‌ప్లోరర్-1లో కణములను లెక్కించు గైగర్ గొట్టము అయోవావారిదే. అది కొన్ని ఎత్తులయందు విశ్వకిరణములు బొత్తిగా లేనట్లు సున్న చూపుచుండుట వారిని కలవరపెట్టెను. మార్చిలో వెళ్ళిన ఎక్స్‌ప్లోరర్-3లో జార్జి లడ్విగ్ అను విద్యార్థి అమర్చిన టేపు యంత్రము ప్రదక్షిణమంతటి లెక్కను నమోదు చేసి పంపగా, సంఖ్య వేగముగా పెరిగి, పెరిగి, హఠాత్తుగా సున్నకు పడి, చాలసేపటికి మరల లేచుట కనబడెను. కార్ల్ మకిల్వేన్ అను మఱియొక విద్యార్థి అట్టి గొట్టమునే ఎక్స్-కిరణముల యెదుట నుంచి, వికిరణము మితిమీరినప్పుడు గొట్టము ఉక్కిరిబిక్కిరియై సున్ననే చూపునని నిరూపించెను. లేమి యనుకొన్నది అతిశయమని ఇట్లు తేలినది. భూమి అయస్కాంత క్షేత్రమున చిక్కిన ఆవేశకణముల వలయమును వాన్ అలెన్ మే 1న వాషింగ్టనులో ప్రకటించెను.

ఇంజున్-1 ఈ వలయములను, ధ్రువజ్యోతిని పరిశీలించుటకై పోయినది. కక్ష్యలో అది ఎక్స్-కిరణములను కొలుచు తన జంట ఉపగ్రహమునుండి విడివడలేదు. రెండును అంటుకొనియే తిరిగినవి. అయినను దాని పరికరములు పనిచేయుచునే యుండెను, అందుచేతనే ఒక ఘోరకృత్యమునకు అది సాక్షి యైనది. 1962 జూలై 9న అమెరికా ప్రభుత్వము పసిఫిక్ మహాసముద్రముమీద ఇంచుమించు 400 కిలోమీటర్ల ఎత్తున 1.4 మెగాటన్నుల బాంబును ప్రేల్చగా, అందు వెలువడిన ఎలక్ట్రాన్లు భూమి చుట్టును కృత్రిమ వలయమై నిలిచి, బ్రిటన్ వారి ఏరియల్-1 మొదలగు ఉపగ్రహముల సౌరఘటములను పాడుచేసెను. ఆ వలయమును కొలిచిన వార్తను బ్రయన్ ఓబ్రయన్, వాన్ అలెన్ ప్రభృతులు ఆ యేడే నేచర్ పత్రికలో ప్రకటించిరి. ప్రకృతి కట్టిన వలయమును గుర్తించిన నాలుగేండ్లకే మనుష్యుడు దానిమీద విషవలయమును కల్పించుట నాకు నేటికిని దుఃఖము గొల్పును.

ఈ వలయములలోని కణములు ఎక్కడివి? విశ్వకిరణములు వాయుమండలమును తాకినప్పుడు న్యూట్రాన్లు వెలికి చిమ్మబడుననియు, ఆవేశము లేనివగుటచే అవి అయస్కాంత క్షేత్రమును లెక్కసేయక పైకి పోవుచు, సగటున పావుగంటలో ప్రోటానుగను ఎలక్ట్రానుగను విచ్ఛిన్నమై, ఆవేశముగల ఆ తునకలే క్షేత్రమున చిక్కుననియు పండితులు ఆనాడే యూహించిరి. ప్రోటానుల విషయమున ఇది అంగీకృతమయ్యెను గాని, ఎలక్ట్రానుల విషయమున ప్రత్యక్షప్రమాణము అరువదేండ్లవరకు దొరకలేదు.

అది దొరికినదియు మఱియొక విద్యాపీఠపు ఉపగ్రహముచేతనే. కొలరాడో విశ్వవిద్యాలయమున ఆచార్య షిన్లిన్ లీ ఆధ్వర్యమున అరువదిమందికి పైగా విద్యార్థులు పాలుగొని నిర్మించిన, పొడవున మూరెడైన లేని ఉపగ్రహము 2012 సెప్టెంబరు 13న కాలిఫోర్నియానుండి ఎగసి, నాలుగు మాసముల ఆయుర్దాయముతో పంపబడినదయ్యు రెండేండ్లకు మించి పనిచేసెను. లోపలి వలయపు అంచున అది కొలిచిన ఎలక్ట్రాన్లు న్యూట్రానుల విచ్ఛిత్తివలన పుట్టినవేయని 2017 డిసెంబరులో లీ బృందము ప్రకటించి, వాని లెక్కనుబట్టి భూసమీపమున న్యూట్రాన్లు ఎంత సాంద్రతతో నున్నవో కూడ గణించి చూపెను.