ఎరండపల్లి ఎక్కడ? - ఒక ఫ్రెంచి చరిత్రకారుని పరిశోధన

శ్రీకాకుళం జిల్లా పటాన్ని ఎదుట పెట్టుకొని చూస్తే, తూర్పున సముద్రానికీ పడమట కొండల వరుసకూ నడుమ సన్నని మైదానం ఒకటి కనిపిస్తుంది. హౌరా నుండి చెన్నైకి పోయే రైలుమార్గం పలాస, కోటబొమ్మాళి, ఆముదాలవలసల మీదుగా ఈ మైదానం వెంబడే సాగుతుంది. పూర్వం ఉత్తరం నుండి కళింగం మీదుగా దక్షిణానికి దిగే సేనకైనా, వర్తకునికైనా అనువైన దారి ఇదే. క్రీ. శ. 4వ శతాబ్దంలో గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడు దక్షిణాపథం మీద దండెత్తాడు. ఆయన ఎంతదూరం వెళ్ళాడు? ఎటుగా మరలిపోయాడు? ఈ ప్రశ్నలకు సమాధానం చాలవరకు ఒక చిన్న ఊరి పేరులో ఇమిడి ఉన్నది. ఆ ఊరు ఎరండపల్లి. దానిని శ్రీకాకుళం ప్రాంతంలో వెదకవలసి ఉన్నదని చెప్పినవారు జువో దుబ్రేయ్ అనే ఫ్రెంచి చరిత్రకారుడు.

గాబ్రియేల్ జువో దుబ్రేయ్ 1885లో సైగాన్ నగరంలో జన్మించారు. ఆనాడు అది ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. తరువాత ఆయన మరొక ఫ్రెంచి స్థావరమైన పుదుచ్చేరికి వచ్చి, అక్కడి కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. ప్రాచీన లేఖనాల పరిశోధనలో ఫ్రెంచివారికి అప్పటికే గొప్ప సంప్రదాయం ఉన్నది. 1822లో షాంపొలియో ఈజిప్టు చిత్రలిపి గుట్టు విప్పారు. మన దేశంలో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆంగ్లేయుడు 1837లో అశోకుని బ్రాహ్మీ లిపిని చదివారు. కనుక దుబ్రేయ్ నాటికి శాసనాలను చదవడం తెలిసింది. చదివినదానికి స్థలమూ కాలమూ నిర్ణయించే పని ఇంకా ఎంతో మిగిలి ఉన్నది.

ఆ పనికి ఆయన శాస్త్రజ్ఞుని పద్ధతినే అవలంబించారు. 1914లో ప్రచురించిన దక్షిణ భారత పురావస్తు గ్రంథంలో, దేవాలయాల స్తంభాలు, గూళ్ళు మొదలైన భాగాల ఆకృతి కాలక్రమాన ఎట్లా మారుతూ వచ్చిందో వరుసపెట్టి చూపారు. కాలం తెలిసిన ఆలయాలను ముందు తీసుకొని, వాటితో పోల్చి, తెలియనివాటి కాలాన్ని నిర్ణయించారు. రాతిపొరల్లోని శిలాజాలను బట్టి పొరల వయస్సు తెలుసుకొనే భూగర్భ శాస్త్రజ్ఞుడు చేసేదీ ఇటువంటి పనే.

ఇక ఎరండపల్లి సంగతి. అశోకుని స్తంభమొకటి ప్రయాగలో ఉన్నది. సముద్రగుప్తుని విజయాలను వర్ణిస్తూ ఆయన అధికారి హరిషేణుడు రచించిన సంస్కృత ప్రశస్తిని కూడా ఆ స్తంభం మీదనే చెక్కారు. చక్రవర్తి పట్టుకొని, అనుగ్రహించి విడిచిపెట్టిన 12 మంది దక్షిణాపథ రాజుల పేర్లూ, వారి రాజ్యాల పేర్లూ అందులో ఉన్నవి. కంచి విష్ణుగోపుడు, వేంగి హస్తివర్మ వారిలోనివారే. పిష్టపురం, అనగా నేటి పిఠాపురం, కూడా ఆ పట్టికలో ఉన్నది. ఈ మూడు స్థలాలను గుర్తించడంలో చిక్కు లేదు. కాని దమనుడేలిన ఎరండపల్లమేది? కుబేరుడేలిన దేవరాష్ట్రమేది? ఉగ్రసేనుని పాలక్కమేది?

ఫ్లీట్ పండితుడు ఎరండపల్లాన్ని ఖాందేశంలోని ఎరండోల్ అన్నారు. దేవరాష్ట్రం మహారాష్ట్రమనీ, పాలక్కం పాలఘాట్ అనీ అనుకొన్నారు. విన్సెంట్ స్మిత్ తన ప్రసిద్ధ చరిత్ర గ్రంథంలో ఈ నిర్ణయాలనే స్వీకరించారు. వీటిని పటం మీద గుర్తించి చూస్తే, సముద్రగుప్తుడు తూర్పు తీరాన దిగి, కేరళపు అంచు ముట్టి, పడమటి దారిన మహారాష్ట్రం మీదుగా తిరిగి వెళ్ళినట్లు అవుతుంది. అంటే దక్షిణాపథాన్నంతటినీ చుట్టివచ్చాడన్నమాట.

1920లో ఆంగ్లంలో వెలువడిన 'దక్కను ప్రాచీన చరిత్ర'లో దుబ్రేయ్ దీనిని కాదన్నారు. అందుకు ఆయన చూపిన ఆధారాలు తెలుగునాట దొరికిన రాగిరేకులు. శ్రీకాకుళం సమీపాన ఉన్న సిద్ధాంతం గ్రామానికి చెందిన తామ్రశాసనం ఒకటి ఉన్నది. గాంగరాజు దేవేంద్రవర్మ గాంగ సంవత్సరం 195లో, అంటే సుమారు 7వ శతాబ్దం చివర, ఒక బ్రాహ్మణునికి భూమిని దానం చేశాడు. ఆ బ్రాహ్మణుడు ఎరండపలి నివాసి అని శాసనం చెబుతున్నది. కనుక ఆ పేరుగల ఊరు కళింగంలోనే ఉండేది. అట్లాగే అనకాపల్లి దగ్గరి కశింకోట తామ్రశాసనంలో, ఎలమంచి కళింగదేశం దేవరాష్ట్రంలోని భాగమని ఉన్నది. ఎలమంచి అంటే నేటి యలమంచిలి. ఇది చాళుక్య భీముని నాటి శాసనం. ఇక పాలక్కం, పల్లవుల శాసనాల్లో కనిపించే పాలక్కడ అని, అది కృష్ణకు దక్షిణంగా తూర్పు తీరానిదేనని ఆయన వాదించారు. ఈ మూడూ కలిస్తే దండయాత్ర పటమే మారిపోయింది. సముద్రగుప్తుడు పడమటి తీరాన్ని చూడనేలేదు.

ఇక్కడ విద్యార్థులు గమనించదగిన అంశం ఒకటి ఉన్నది. సంస్కృతంలో ఏరండమంటే ఆముదపు చెట్టు. ఆముదాలవలస పేరు వినగానే, ఎరండపల్లి ఇదే అయివుంటుందని ఎవరికైనా అనిపించవచ్చు. కాని ఎరండోల్‌ను చూపించినదీ ఇటువంటి పేరు పోలికే. ఆముదపు చెట్టు మొలవని సీమ అరుదు. దాని పేరుతో ఊళ్ళు ఎన్నైనా ఉండవచ్చు. పోలిక వెదకడానికి దారి చూపుతుందే గాని రుజువు కాజాలదు. దుబ్రేయ్ వాదానికి బలం పేరులో లేదు. ఆ పేరు ఏ సీమ శాసనంలో, ఏ రాజుల దానపత్రంలో కనిపించిందన్న దానిలో ఉన్నది. అయినా ప్రయాగ శాసనానికీ సిద్ధాంతం రేకులకూ మధ్య మూడు శతాబ్దాలకు పైగా ఎడం ఉన్నది. అందువలననే తరువాతి పండితులు కొందరు విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల గ్రామాలను కూడా సూచించారు. ఊరు ఏదన్నదానిపై భేదమున్నా, అది తూర్పు తీరానిదేనన్న మాటను మాత్రం పెక్కుమంది అంగీకరించారు.

దుబ్రేయ్ చెప్పినదంతా నిలిచిందనుకోరాదు. తీరరాజులు ఏకమై సముద్రగుప్తుని ఓడించగా ఆయన వెనుదిరిగాడని కూడా ఆయన వ్రాశారు. పట్టి విడిచిపెట్టాడని చెప్పే ప్రశస్తిలో అటువంటి ఓటమికి ఆధారం లేదు. ప్రశస్తి వ్రాసే కవి రాజు ఓటమిని చెప్పడు, నిజమే. కాని కవి చెప్పలేదు కనుక ఓడిపోయాడనడం కూడా చెల్లదు. ఒకే గ్రంథంలో, ఒకే పండితుడు, ఆధారం ఉన్నచోట పాత సిద్ధాంతాన్ని పడగొట్టారు. ఆధారం లేనిచోట తాము నిలువలేకపోయారు.

ఆ తరువాత కూడా ఆయన పరిశోధన సాగింది. 1926లో పల్నాడులోని గోలి గ్రామం వద్ద బౌద్ధస్తూప శిల్పాలను కనుగొన్నారు. 1937లో పుదుచ్చేరి సమీపాన అరికమేడు దగ్గర పిల్లలు ఏరి తెచ్చిన పూసలు, రాళ్ళు కొన్నారు. వాటిలో ఒకదాని మీద చెక్కిన తలను రోమను చక్రవర్తి ఆగస్టస్‌దిగా గుర్తించి, అది రోమనులతో వర్తకం చేసిన రేవని గ్రహించారు. 1945లో ఆయన మరణించారు. ఆ ఏడే మార్టిమర్ వీలర్ అరికమేడులో తవ్వకాలు జరిపారు.

సిద్ధాంతం రాగిరేకులు కంచరి కొలిమికి పోయి ఉంటే ఏమయ్యేది? ఎరండపల్లి నేటికీ ఖాందేశంలోనే ఉండిపోయేదేమో! వంశధార, నాగావళి తీరాల్లో దున్నేటప్పుడూ, పునాదులు తీసేటప్పుడూ వ్రాతగల రేకో, రాయో, నాణెమో బయటపడితే దానిని తోమరాదు, కరిగించరాదు. అది దొరికిన చోటును గుర్తుపెట్టుకొని అధికారులకు తెలియజేయాలి. వస్తువు విలువ దాని లోహంలో కంటె, అది దొరికిన చోటులోనూ దానిమీది అక్షరాలలోనూ ఎక్కువగా ఉంటుంది. ఎరండపల్లి కచ్చితంగా ఏ ఊరో చెప్పగల రేకు ఈ మైదానంలోనే ఏ పొలం గట్టు కిందనో ఉండవచ్చు.