హోటల్లో, షాపులో జారిపడి గాయపడ్డారా? యజమాని బాధ్యత ఎంత, మీరేం చేయాలి?

చిట్టమూరులో బస్సు దిగి టిఫిన్‌కి హోటల్లోకి వెళ్లారనుకుందాం. చేతులు కడిగే చోట నీళ్లు నిలిచి పాచి పట్టింది. జారిపడ్డారు, చెయ్యి విరిగింది. గోడ మీద మాత్రం 'ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు' అని బోర్డు ఉంది. ఇక చేసేదేమీ లేదా? ఉంది.

బాధ్యత ఎప్పుడు?
పడిపోయినంత మాత్రాన పరిహారం రాదు. ప్రమాదం ఉందని యజమానికి తెలిసి, లేదా తెలియాల్సి ఉండి కూడా సరిచేయలేదని, అందువల్లే గాయమైందని చూపించాలి. మీ అజాగ్రత్త కూడా ఉంటే పరిహారం తగ్గొచ్చు.

బోర్డు ఉంటే?
పార్కింగ్‌కి అప్పగించిన కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. టోకెన్ మీద 'ఓనర్ రిస్క్' అని రాసినా, సొంత నిర్లక్ష్యం నుంచి హోటల్ తప్పించుకోలేదని చెప్పింది. ఇది కారు కేసే అయినా, బోర్డు చూపించి చేతులు దులుపుకునే వారికి మీరు చెప్పదగ్గ జవాబు.

కోర్టులు ఏం చేశాయి?
1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్ అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. అదనపు సీట్ల కోసం బయటికెళ్లే దారి మూసేశారు. 2011లో సుప్రీంకోర్టు, మృతుల్లో 20 ఏళ్లు దాటినవారికి రూ.10 లక్షలు, మిగతావారికి రూ.7.5 లక్షల చొప్పున పరిహారం ఖరారు చేసింది. అందులో 85 శాతం థియేటర్ యాజమాన్యానిది, 15 శాతం ఢిల్లీ విద్యుత్ బోర్డుది. 2024 డిసెంబరు 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయినప్పుడు కూడా పోలీసులు యాజమాన్యంపై కేసు పెట్టారు.

ఎక్కడికి వెళ్లాలి?
• డబ్బు కట్టి సేవ పొందినవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. ఘటన జరిగిన 2 ఏళ్లలోపు వేయాలి. ఫీజుకు లెక్క మీరు అడిగే పరిహారం కాదు, కట్టిన బిల్లు. అది రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. సలహాకు 1915కి ఫోన్ చేయండి.
• ఏమీ కొనకుండా, ఏ సేవా పొందకుండా లోపలికి వెళ్లినవారికి సివిల్ కోర్టు దారి.
• నిర్లక్ష్యం వల్ల తీవ్ర గాయమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద 3 ఏళ్ల వరకు, ప్రాణం పోతే సెక్షన్ 106 కింద 5 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు.
• మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. నంబరు 15100.

ఆ రోజే చేయాల్సినవి
నేల కడిగేయకముందే ఫొటోలు, వీడియో తీయండి. బిల్లు లేకపోతే యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ దాచుకోండి. చూసినవారి ఫోన్ నంబర్లు తీసుకోండి. ఎలా గాయపడ్డారో డాక్టరుకు చెప్పి, చీటీలో రాయించండి. సీసీటీవీ రికార్డింగ్ చెరిపేయవద్దని యజమానికి రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్ మెసేజ్ పంపినా తర్వాత చూపించడానికి పనికొస్తుంది.