వెండి మాట ఇచ్చిన కాగితాలు

1780ల్లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి శిథిలమైన చిన్న గుడి ఆనవాళ్లు తగిలాయి. అక్కడ తవ్వితే ఒక కుండ బయటపడింది. దాని నిండా క్రీస్తుశకం రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా నాణేలు కంసాలి మూసలో కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీర్-ఉల్-ఉమరా ముప్పై దాకా దక్కించుకోగలిగాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిలోంచి రెండు ఎంచుకున్నాడు. ఒకటి హేడ్రియన్ చక్రవర్తిది, రెండోది ఫాస్టినా రాణిది. ఆయన 1787లో రాసిన లేఖ కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండో సంపుటిలో అచ్చయింది. కొన్ని నాణేలు టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టు మెరుస్తున్నాయనీ, కొన్ని ఒంటి మీద ధరించడం వల్ల అరిగి, బెజ్జాలు పడి ఉన్నాయనీ అందులో ఉంది.

సేకర్తలు వెతికే అరుదైన వస్తువు ఎలా పుడుతుందో ఈ ఉదంతంలో కనబడుతుంది. నాణేన్ని కరిగిస్తే వచ్చే లోహానికీ విలువ ఉంది కాబట్టే నాణెం మిగల్లేదు. కాగితపు డబ్బు విషయంలో ఈ సూత్రం ఇంకా గట్టిగా పనిచేస్తుంది. వెండి ఇస్తామని హామీ రాసిన నోటును ఎవరైనా తెచ్చి చూపితే ఖజానా వెండి చెల్లిస్తుంది, నోటును రద్దు చేసి నాశనం చేస్తుంది. ఇచ్చిన మాటను ప్రభుత్వం ఎంత బాగా నిలబెట్టుకుంటే నోట్లు అంత తక్కువ మిగులుతాయి. అమెరికా సిల్వర్ సర్టిఫికెట్ల అరుదుదనానికీ, మన పాత రూపాయి నోట్ల అరుదుదనానికీ మూలం ఇదే. ఈ రెండు దేశాల నోట్ల వెనకా ఉన్న వెండి కూడా ఒక దశలో ఒకే ఓడల దారిలో అటూ ఇటూ ప్రయాణించింది.

కోరమాండల్ తీరంలో ఆంగ్లేయులు కోట కట్టుకున్న తొలి స్థావరం నెల్లూరు సముద్రతీరంలోని ఆర్మగాన్, అంటే దుగరాజపట్నం. 1626లో వెలసిన ఆ స్థావరం నుంచే ఆంగ్ల వర్తక కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్లాడు. దానికి దిగువన పులికాట్‌లో డచ్చివారు సొంత టంకశాల నడిపారు. బట్టలు కొనడానికి వచ్చిన ఐరోపా వర్తకులు ఈ తీరానికి తెచ్చిన సరుకులో ముఖ్యమైనవి బంగారం, వెండే. ఇక్కడి జనం లెక్క కూడా లోహంలోనే ఉండేది. 1835 నుంచి బ్రిటిష్ ఇండియా అంతటికీ ఒకే రూపాయి వచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, అంటే సుమారు 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి.

1861లో పేపర్ కరెన్సీ చట్టం వచ్చింది. అంతవరకు బ్యాంక్ ఆఫ్ మద్రాస్ వంటి ప్రెసిడెన్సీ బ్యాంకులు అచ్చువేసుకున్న నోట్ల మీద హక్కు ఇక ప్రభుత్వానికే దక్కింది. తొలి నోట్లకు ఒకవైపే అచ్చు ఉండేది. కాగితం ఇంగ్లండులోని లావర్‌స్టాక్ మిల్లులో చేత్తో తయారయ్యేది. నోటు మీద ఎంత ధీమాగా హామీ ఇచ్చినా ఆ హామీకి హద్దు ఉండేది. దేశాన్ని కరెన్సీ సర్కిళ్లుగా విడదీశారు. నెల్లూరు మద్రాసు సర్కిల్‌లోకి వచ్చింది. మద్రాసు నోటుకు మద్రాసు సర్కిల్‌లోనే చట్టప్రకారం వెండి రూపాయలు అడిగి తీసుకోవచ్చు, కలకత్తాలో ఆ హక్కు లేదు. 1903 నుంచి 1911 మధ్య ఐదు, పది, యాభై, వంద రూపాయల నోట్లకు ఈ హద్దు క్రమంగా తొలగించారు.

ఆ కాలపు నోటు ఒక్కటి మొత్తంగా దొరకడం సేకర్తలకు పండగే. టపాలో డబ్బు పంపేవారు దారిలో దొంగల భయంతో నోటును రెండుగా కోసి, సగం ముందు పంపి, అది చేరిన కబురు అందాక రెండో సగం పంపేవారు. అందుకే మిగిలిన పాత నోట్లలో చాలావాటికి నడుమ అతుకు ఉంటుంది. వాటిని కాపాడుకోవడమూ తేలిక కాదు. తుఫానులు తరచుగా తాకే తీరంలో, ఉప్పుగాలిలో, చెదలు పట్టే దూలాల ఇళ్లలో కాగితానికి ఆయుష్షు తక్కువ. ధాన్యం, ఉప్పు అమ్మి సంపాదించినవారు పొదుపును వెండి రూపాయిలుగానో, నగలుగానో దాచుకున్నారంటే అందుకు ఇదీ ఒక కారణం.

కాగితం మీది మాటకు అసలు పరీక్ష మొదటి ప్రపంచ యుద్ధంలో ఎదురైంది. బ్రిటన్ భారతదేశం నుంచి యుద్ధసామగ్రి విపరీతంగా కొన్నది. అందులో గూడూరు, రాపూరు తాలూకాల అభ్రకం కూడా ఉంది. విద్యుత్ పరికరాల్లో విద్యుత్తును అడ్డుకునే పొరగా అభ్రకాన్ని వాడేవారు. ఆ సరుకుకు రూపాయిల్లో చెల్లించాలి, రూపాయికి వెండి కావాలి. 1915లో లండన్‌లో ఔన్సు 27 పెన్నీల దరిన ఉన్న వెండి 1917 సెప్టెంబరులో 55 పెన్నీలకు చేరింది. 43 పెన్నీలు దాటిందంటే రూపాయిని చెలామణిలో ఉంచడం కన్నా కరిగించడమే లాభం.

అప్పుడు ప్రభుత్వం 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటు విడుదల చేసింది. నోటు మీద ఐదో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయి చిత్రమే ఉంది. వెనకవైపు ఎనిమిది భారతీయ భాషల్లో విలువ రాశారు. అందులో తెలుగూ ఉంది. ఇరవై ఐదేసి నోట్లను పుస్తకంలా కుట్టి ఇచ్చేవారు, చింపి వాడుకోవాలి. 1918 జనవరి 2న రెండున్నర రూపాయల నోటు వచ్చింది. భారత కరెన్సీలో అటువంటి విలువతో మరో నోటు రాలేదు. దాని సీరియల్ నంబరుకు ముందున్న అక్షరాన్ని బట్టి అది ఏ సర్కిల్‌దో తెలుస్తుంది. ఎం అంటే మద్రాసు. తెలుగు నేల మీద తిరిగిన నోటు కావాలనుకునే సేకర్త ఈ అక్షరం కోసమే వెతుకుతాడు. జనం మాత్రం ఈ చిన్న నోట్లను నమ్మలేదు. చాలాచోట్ల నోటును దాని మీద రాసిన విలువ కన్నా తక్కువకే తీసుకున్నారు. 1926లో ఈ రెండు విలువల నోట్లూ ఆగిపోయాయి. నోట్లు తెచ్చినవారికి వెండి దక్కింది, నోట్లు ఖజానాకు చేరి నాశనమయ్యాయి.

1918 నాటికి ఖజానాలో వెండి రూపాయిల నిల్వ ప్రమాదకరంగా పడిపోయింది. అమెరికా రంగంలోకి వచ్చింది అక్కడే. 1878 నుంచి అమెరికా ఖజానా వెండి డాలర్లను నిల్వచేసి, వాటికి బదులుగా సిల్వర్ సర్టిఫికెట్లు ఇస్తూ వచ్చింది. సర్టిఫికెట్ చూపితే వెండి డాలరు చేతికొస్తుంది. 1918 ఏప్రిల్ 23న వచ్చిన పిట్‌మన్ చట్టం ఆ నిల్వల్లోంచి 35 కోట్ల డాలర్ల దాకా కరిగించడానికి అనుమతించింది. చివరికి కరిగినవి 27 కోట్లు. అందులో దాదాపు 26 కోట్ల నాణేల వెండిని బ్రిటన్ ద్వారా భారత టంకశాలల కోసం అమ్మారు. ఔన్సు 101.5 సెంట్ల లెక్కన 20 కోట్ల ఔన్సులు. నిల్వ తగ్గినంత మేరకు అమెరికా తన సిల్వర్ సర్టిఫికెట్లను వెనక్కి తీసుకుని, వాటి స్థానంలో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నోట్లు ఇచ్చింది. భారత ప్రభుత్వం తన మాట నిలబెట్టుకోవడం కోసం అమెరికాలో ఒక తరం పెద్ద సైజు సిల్వర్ సర్టిఫికెట్లు తగ్గిపోయాయి. ఈనాడు వాటికి ధర చెప్పేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో గానీ, కారణం మాత్రం ఇదే.

అదే వెండి కరువు తెలుగు నేలకు మరో నోట్ల వరుసను ఇచ్చింది. 1918లో హైదరాబాదు నిజాం ప్రభుత్వం సొంత నోట్లు విడుదల చేయడం మొదలుపెట్టింది. ఉస్మానియా సిక్కా లెక్కలోని ఈ నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడాల్లోనూ విలువ ఉండేది. ఏడు ఉస్మానియా రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. నోట్లు లండన్‌లో అచ్చయ్యేవి. 1922 మే 20న బొంబాయికి వస్తున్న ‘ఈజిప్ట్’ ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర మంచులో మరో ఓడను ఢీకొని మునిగిపోయింది. టన్నుల కొద్దీ బంగారం, వెండితో పాటు నిజాం నోట్ల కట్టలూ అడుక్కు చేరాయి. పదేళ్ల తర్వాత, 1932లో, ఇటలీకి చెందిన ‘ఆర్టిల్యో’ ఓడ బృందం వందకు పైగా మీటర్ల లోతు నుంచి సరుకు వెలికితీసింది. సముద్రంలో నానిన ఆ నోట్లు ఎన్నడూ చెలామణిలోకి రాలేదు, ఎవరికీ చెల్లింపు జరగలేదు. అందుకే ఇవాళ వాటిని ప్రత్యేకంగా సేకరిస్తున్నారు.

అమెరికా నోటు ఇప్పుడు మనం చూసే చిన్న సైజుకు మారింది 1929 జూలై 10న. చిన్న సైజు సిల్వర్ సర్టిఫికెట్‌ను గుర్తుపట్టడం తేలిక. ఖజానా ముద్ర, సీరియల్ నంబరు నీలిరంగులో ఉంటాయి. 1928 సిరీస్ ఒక డాలరు నోటు వెనక ‘వన్’ అనే మాట పెద్ద అక్షరాలతో పరుచుకుని ఉంటుంది. దాన్ని సేకర్తలు ఫన్నీ బ్యాక్ అంటారు. అధికారుల సంతకాలు మారినప్పుడల్లా సిరీస్‌కు ఒక అక్షరం చేరింది. జూలియన్, మార్గెంతో సంతకాలున్న 1928ఈ నోట్లు 35,19,324 మాత్రమే అచ్చయ్యాయి. కోట్లలో అచ్చయిన ఇతర సిరీస్‌ల పక్కన ఇది చాలా తక్కువ. పాడైన నోటు బదులు అచ్చువేసిన నోటు నంబరు పక్కన నక్షత్రం ఉంటుంది. 1928ఈ స్టార్ నోటు దొరకడమంటే సేకర్తకు జీవితకాలపు వేట ఫలించినట్టే.

చిన్న సైజు వరుసలోకెల్లా పేరుమోసిన అరుదైన నోటు 1933 సిరీస్ పది డాలర్ల సర్టిఫికెట్. దాని పుట్టుకలో భారతదేశపు వెండి ఉంది. ఆర్థిక మాంద్యంలో కూరుకున్న ఐరోపా దేశాలు యుద్ధకాలపు అప్పులను వెండిలోనూ తీర్చవచ్చని అమెరికా 1933 మే 12న చట్టం చేసింది. జూన్ 15న బ్రిటన్ కోటి డాలర్ల వాయిదా వెండిలో కట్టింది. అందుకు కావలసిన రెండు కోట్ల ఔన్సులను భారత ప్రభుత్వ నిల్వల నుంచి కొన్నది. బజారులో ఔన్సు 40 సెంట్లకు లోపే ఉన్న వెండిని అమెరికా 50 సెంట్లుగా లెక్కగట్టింది. 1927 నుంచి భారత ప్రభుత్వం చెలామణిలోంచి వెనక్కి తీసిన రూపాయలను కరిగించి వెండి అమ్ముతూనే ఉంది. 1918లో తూర్పుకు వచ్చిన లోహపు దారి ఈసారి పడమటికి తిరిగింది.

అలా అందిన వెండి మీద 2,16,000 పది డాలర్ల నోట్లు అచ్చయ్యాయి. 1934లో కొత్త వెండి చట్టం రావడంతో 1934 సిరీస్ వచ్చేసింది, పాత నోట్లలో చాలా భాగాన్ని నాశనం చేశారు. తర్వాతి 1933ఏ సిరీస్ పది డాలర్ల నోట్లు 3,36,000 అచ్చయినా బయటికి రాకుండానే ధ్వంసమయ్యాయి. నెల్లూరు వ్యాపారి చేతిలో తిరిగిన రూపాయి వెండి కూడా బ్రిటన్ కట్టిన ఆ వెండిలో కలిసి ఉండవచ్చు. ఆ వెండే అమెరికాలో అత్యంత అరుదైన చిన్న సైజు సర్టిఫికెట్లలో ఒకదానికి ఆధారమైంది.

రెండో ప్రపంచ యుద్ధం మరికొన్ని రకాలను చేర్చింది. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత, శత్రువు చేతికి చిక్కితే వెంటనే రద్దుచేయడానికి వీలుగా, 1942లో గోధుమరంగు ముద్ర, ‘హవాయి’ అనే అచ్చు ఉన్న ఒక డాలరు నోట్లు వచ్చాయి. ఉత్తర ఆఫ్రికాలో సైన్యానికి పసుపు ముద్ర నోట్లు ఇచ్చారు. 1944లో రెండు రకాల కాగితం మన్నికను పోల్చడానికి ఎర్ర ‘ఆర్’, ‘ఎస్’ అక్షరాలు వేసిన నోట్లు 11,84,000 చొప్పున వచ్చాయి. ఇటు మన దేశంలో 1940లో రూపాయి నాణెంలో వెండిని సగానికి తగ్గించి, ఒక రూపాయి నోటును మళ్లీ తెచ్చారు. యుద్ధం చివరి ఏళ్లలో అమెరికా మళ్లీ భారత్‌కు వెండి అప్పిచ్చింది, 1950ల్లో ఆ అప్పు తీరింది.

అమెరికా హామీ ముగిసింది రెండు దశల్లో. 1964 మార్చిలో సర్టిఫికెట్‌కు వెండి డాలరు ఇవ్వడం ఆగిపోయింది. ఆ తర్వాత 1968 జూన్ 24 దాకా డాలరు నోటుకు 0.77 ఔన్సు వెండి, నాణెంగా కాక లోహపు పలుకులుగా ఇచ్చారు. వెండి ధర అప్పటికే డాలరు విలువను మించిపోయింది కాబట్టి జనం పెట్టెల్లోంచి నోట్లు తీసుకుని వరుసలు కట్టారు. ఆఖరి రోజుల్లో కోట్ల నోట్లు వెండిగా మారిపోయాయి. ఇవాళ నీలిముద్ర నోటు తెచ్చినా అమెరికాలో దానికి డాలరే ఇస్తారు, వెండి ఇవ్వరు.

అమెరికాలో స్థిరపడినవారు ఉన్న నెల్లూరు కుటుంబాల్లో, సెలవులకు వచ్చినవారి సంచుల్లో ఈ నోట్లు అప్పుడప్పుడు కనబడవచ్చు. మొదలుపెట్టేవారికి 1957 సిరీస్ ఒక డాలరు నోటు చాలు. నాలుగైదు డాలర్లకే దొరుకుతుంది. ధరలు పెరిగేకొద్దీ జాగ్రత్త పెరగాలి. నోటు మడతలు, పిన్ను బెజ్జాలు, రంగు వెలిసిన మచ్చలు, ఇస్త్రీ చేసి సరిచేసిన జాడలు ధరను సగానికి దించేస్తాయి. పాత భారత నోట్లలో బ్యాంకు పిన్నుల తుప్పు మచ్చలు చాలా మామూలు. ప్లాస్టిక్ లామినేషన్ చేయించడం నోటును చంపడమే. ఆమ్లం లేని కాగితంలో, రసాయనాలు వదలని పారదర్శక కవర్లలో, తేమ తగలని పెట్టెలో ఉంచాలి. తీరంలో గాలిలోని తేమ ఎక్కువ కాబట్టి తేమను పీల్చే పొట్లాలను తరచూ మార్చాలి. అసలు నోటును నకిలీ నోటు నుంచి వేరుచేయడానికి సంతకాలు, ముద్ర రంగు, నంబరు వరుస కలిసి సరిపోవాలి. ఏ ఒక్కటి తేడా వచ్చినా కొనకపోవడం మేలు.

భారత కరెన్సీ మొత్తం కథ కావాలంటే ముంబైలోని రిజర్వ్ బ్యాంకు ద్రవ్య మ్యూజియానికి వెళ్లాలి, నిజాం నాణేలు చూడాలంటే 2022లో తెరిచిన హైదరాబాదు సైఫాబాద్ టంకశాల మ్యూజియం ఉంది. నెల్లూరులో అలాంటి చోటు లేదు. గూడూరు అభ్రకం వ్యాపారుల, వెంకటగిరి చేనేతల, కావలి, కృష్ణపట్నం తీరపు ఉప్పు, ధాన్యం వర్తకుల ఇళ్లలో పాత చిట్టాలు, మద్రాసు నుంచి వచ్చిన రసీదులు, ఒకటీ అరా నోట్లు ఇంకా ఉండవచ్చు. వాటి మీది అక్షరాన్నీ, నంబరునూ, ఎవరి ఇంట్లో ఏ సందర్భంలో దాచారన్న సంగతినీ రాసిపెట్టి ఫొటోలు తీస్తే, 1918 నాటి ఎం అక్షరపు రెండున్నర రూపాయల నోటుకు ఊరి పేరు, వ్యాపారం పేరు జతపడతాయి. జిల్లా గ్రంథాలయాలు, కళాశాలల చరిత్ర విభాగాలు ఈ పని మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు.